పొగాకు గేటు కడ నెదురుకోలు

వైశాఖ శుద్ధ దశమి. మిరపఘాటుతోఁ దుమ్ములు పుట్టించు గుంటూరు నగరమున నుదయము తొమ్మిది గంటలు కాకమునుపే యెండ ముదిరి తారురోడ్డుపై నావిరి లేచుచుండఁగా వేపచెట్ల క్రింది నీడ నంతయుఁ జెఱకురసపు బండ్లవారును ముంజెకాయల నమ్మువారును ముందుగనే పంచుకొనియుండఁగా ఆనాఁటి ముహూర్తబలముచేత నగరమునఁ గల కల్యాణమండపము లన్నియు నరఁటికంబములతో మామిడితోరణములతో నిండి వీథివీథికి నొక సన్నాయి పలుకుచుండఁగా పట్టుచీరల తళుకులను మల్లెపూల తావులను మోసికొని కార్లును ఆటోలును మోటారుసైకిళ్లును ఒకదాని నొకటి త్రోసికొనుచు వీథులనిండఁ బాఱుచుండెను. ఎవరికిని దీఱిక లేదు. ఎవరికిని దారియు లేదు.

ఆ నగరమునకుఁ బడమటి కొసను పూర్వ మెప్పుడో పొగాకు కంపెనీ యొకటి యుండినచోట రోడ్డున కడ్డముగా రైలుదారి పోవుచున్నది. అచటి గేటును జనులు నేఁటికిని పొగాకు గేటనియే పిలుతురు. గేటు పడినప్పుడు వాహనములవారు రోడ్డులో నెడమ సగమున బారు తీఱి నిలిచి కుడి సగమును ఎదుటివారి రాకకై విడిచి యుంచవలెనని చట్టము చెప్పుచున్నది. కాని ఖాళీగా నున్న కుడి సగమును జూచినంతనే మన నగరవాసికిఁ గన్ను కుట్టును, చేయి దురదపెట్టును. ఎవఁడో యొకఁడు స్టీరింగు త్రిప్పి దూఱును. వానిఁ జూచి యిరువదిమంది దూఱుదురు. వారిఁ జూచి యెడమబారులో బుద్ధిగా నిలిచినవాఁడు సైతము తానొక్కఁడే వెఱ్ఱివాఁ డయ్యెనని నొచ్చుకొని కుడికి దిగును. పట్టాల కావలి వైపునను సరిగా నిదియే జరుగుచుండును. రైలు పోయి గేటు లేచునప్పటికి రోడ్డు వెడల్పెల్ల నిండిన రెండు సేనలు పట్టాల నడుమ మొగమునకు మొగము తగిలి నిలిచిపోవును. ఇది ప్రతిదినమును జరుగుచున్నను ప్రతిదినము నందఱును గ్రొత్తగా నాశ్చర్యపడి యెదుటివారినే తిట్టుచుందురు.

ఇట్టి కుడిసగపు వీరులలో నగ్రగణ్యుఁడు యలవర్తి పానకాలరావు. మిరపకాయల కోల్డ్ స్టోరేజి యొకదానికి మేనేజరు. ఏఁబదియాఱేండ్లవాఁడు. ఎఱ్ఱదీపమును గని వేగము హెచ్చించువాఁడును ఎదురుదారిని తన పిత్రార్జితముగా నెంచువాఁడును ఫోనును చెవికిని భుజమునకును నడుమ నిఱికించి యొంటిచేతితో సందులు మలఁగువాఁడును అయి, ముప్పది యేండ్లుగాఁ గారు నడుపుచు నొకరికొఱకు వెనుకకు జరిగిన యపకీర్తి తన కెన్నఁడును లేదని నలుగురిలోఁ జెప్పి మీసము దువ్వుచుండును. బంధువు లాతని కారెక్కునపుడు మొదట దైవమును దలఁచికొని పిదపఁ దలుపు పైనున్న పిడిని బట్టుకొనుట వాడుక.

ఇంత చెప్పితినని యాతఁడు దుర్మార్గుఁ డనుకొనకుఁడు. ఆతనికిఁ గూఁతురొక్కతే, పేరు హిమబిందు. ఆ బిడ్డ పొత్తిళ్లలో నున్ననాఁటనుండియుఁ దన చేతులతోఁ దాను కన్యాదానము చేయవలెనన్నదే యాతని కోరిక. అందులకై తెప్పించిన వెండిచెంబును నెల దినములనుండి దినమున కొకమాఱు తానే తుడుచుచుండెను. భార్య నవ్వినను లెక్కపెట్టలేదు.

ఆ కోరిక తీఱు దిన మదియే. జీలకఱ్ఱ బెల్లమునకు ముహూర్తము పగలు పదునొకండు గంటల యెనిమిది నిమిషములకు. అది దాఁటినచో వధువు జాతకమునకు సరిపడు ముహూర్తము మరల మార్గశిరమునఁ గాని లేదని పురోహితుఁడు గట్టిగాఁ జెప్పియుండెను. మండపము గేటునకుఁ బడమట మైలు దూరమున నున్నది. నరసరావుపేటనుండి వచ్చిన మగపెండ్లివారి విడిది గేటునకుఁ దూర్పున నున్నది. మేళతాళములతోఁ బానకపు బిందెతో గంధపుగిన్నెతో నాఁడుపెండ్లివా రెదురేఁగి పెండ్లికొడుకును దోడ్కొని వచ్చు వేడుకనే యెదురుకోలందురు. ఆ వేడుకకై పానకాలరావు పట్టుపంచె కట్టి బయలుదేఱుచుండఁగా గౌరీపూజ చేయుచున్న హిమబిందు పీఁటపైనుండియే తండ్రి చేయి పట్టుకొనెను.

"నాన్నా, ఈ ఒక్కరోజు నిదానంగా వెళ్లి రండి. కన్యాదానానికి మీరే కూర్చోవాలి. నాకు ఇంకెవరూ వద్దు."

"నేను పోయిందెంత, వచ్చిందెంత! పావుగంట పనమ్మా ఇది" అని యాతఁడు నవ్వి వెడలెను.

ఆతని కారు తెల్లనిది. అద్దములకు నల్లకాగితములు, ముందుభాగమున నంబరుపలక కనఁబడనంత మల్లెదండలు. ప్రక్కసీటులో నక్కగారు సీతారావమ్మ పానకపు బిందెను రెండు మోఁకాళ్ల నడుమ నదిమిపట్టి కూర్చుండెను. వెనుక వ్యానులో మేళగాండ్రు వచ్చుచుండిరి. కొంతదూరము పోవునప్పటికి వియ్యంకుఁడు మువ్వా కోటిలింగము ఫోను చేసి, యెండ ముదురుచున్నది గనుకఁ దామును బయలుదేఱితిమనియు దారిలోనే కలిసికొందమనియుఁ జెప్పెను. ఈ కోటిలింగము ధాన్యపు వ్యాపారి. ఆ వారమే కొన్న నల్లకారును దానే నడుపుచు ముందు వచ్చుచుండెను. పెండ్లికొడుకు శశిధరుని కారును, పెండ్లికొడుకు తల్లియుఁ జుట్టములు నెక్కిన బస్సును ఆతని వేగము నందుకొనలేక చాల వెనుకఁ బడియుండెను.

పది గంటల పది నిమిషములకుఁ బానకాలరావు గేటు చేరెను. గేటు పడియుండెను. ఎడమబారు చింతచెట్టు మలుపుదాఁకఁ బెరిగియుండెను. కుడి సగము మాత్ర మప్పుడే తుడిచిన వాకిలివలె ఖాళీగాఁ గనఁబడెను. పానకాలరావు చేతులు వానియంతట నవియే స్టీరింగును ద్రిప్పెను.

"ఒరే పానకాలూ, ఎడమ పక్కన లైనుంది గదరా. దాని ఎనకాల నిలబడరాదూ?" అని సీతారావమ్మ బిందెను మఱింత గట్టిగాఁ బట్టుకొనెను.

"ఆ లైనులో నిలబడితే అమ్మాయి సీమంతానికి పోతాం అక్కయ్యా. గేటు లేవంగానే అరనిమిషంలో అవతల ఉంటా, చూస్తా ఉండు."

గేటుకఱ్ఱకు జానెఁడు దూరమునఁ గారు నిలిపి యాతఁడు మీసము దువ్వెను. నాయకుఁడు దారి చూపఁగా సేన యూరకుండునా? ఆతని వెనుకఁ బాలవ్యానును, దాని వెనుక నిసుక ట్రాక్టరును, దాని ప్రక్క నాలుగాటోలును, వాని సందులలో లెక్కలేని మోటారుసైకిళ్లును జొచ్చి నిమిషములోఁ గుడి సగ మంతయుఁ గిక్కిఱిసిపోయెను. పట్టాల కావలివైపునఁ గోటిలింగమును సరిగా నదే ఘనకార్యము చేసి తన నల్లకారును గేటుకఱ్ఱ కానించియుండెను. ఆ సంగతి పానకాలరావునకుఁ దెలియదు. ఎండవేళ నెదుటి కారు ముందటద్దముపై సూర్యుఁడు తళతళలాడుచుండఁగా లోని మనిషి యెవఁడో కనఁబడుట కల్ల.

రైలు దాఁటిపోయెను. గేటు లేచెను.

అప్పటి సంరంభము నేమని వర్ణింతును! కఱ్ఱ నిలువున లేవకమునుపే దాని క్రింద నుండి తలలు వంచి దూఱిన మోటారుసైకిళ్లును, ఒక చక్రము పట్టాపైఁ బెట్టి రెండవచక్రము గాలిలో నాడించు నాటోలును, ప్రాణము పోయినను సందీయమన్నట్లు బారులు బిగించిన కార్లును, నల్లపొగ క్రక్కుచు ఱొప్పు ట్రాక్టరును, తూర్పుసేనయుఁ బడమటిసేనయు నొక్కపెట్టున నుఱికి పట్టాల నడుమ నొకదాని కొకటి గ్రుద్దుకొనకుండ వెండ్రుకవాసిలో నిలిచి, ముందుకుఁ గదలలేక ప్రక్కకు జరుగలేక హారనులతో నాకసము చిల్లులుపడునట్లు మొఱపెట్టఁ జొచ్చెను. ఆ రణరంగమునకు సరిగా నడుమ, రెండు పట్టాలకు మధ్యను, తెల్లకారును నల్లకారును మూతులు తాఁకునట్లు నిలిచియుండెను.

పానకాలరావు చేయి యూపి వెనుకకుఁ బొమ్మని సైగ చేసెను. నల్లకారునుండియు నొక చేయి వెలికి వచ్చి, నీవే పొమ్మని సైగ చేసెను. తెల్లకారు దీపములు వెలిఁగించి యార్పెను. నల్లకారు నట్లే చేసెను. ఇట్లైదు నిమిషములు గడచెను. అప్పుడు వియ్యంకుఁడు తమకొఱకుఁ గాచుకొనియుండునను సంగతి జ్ఞప్తికి వచ్చి పానకాలరావు ఫోను తీసెను.

"బావగారూ, నమస్కారం. దారిలో ఇరుక్కుపోయానండీ. ఎవడో ఎదవ, సరిగ్గా నా మూతి మీదకి తెచ్చి పెట్టాడు కారు. కదలడు."

"అయ్యో, నాకూ అదే గతి బావగారూ! మీ ఊళ్లో ఇదేదో గేటంట, దాని మజ్జెన ఒకడు తగిలాడు నాకు. వాడూ, వాడి పూలదండలూ! ఎవరి పెళ్లి చెడగొట్టడానికి పోతన్నాడో!"

"మీరు మాత్రం ఎనక్కి తగ్గబాకండి. తగ్గితే ఇట్టాంటోళ్లకి అలుసైపోతాం."

"తగ్గటమా? మా వంశంలో లేదు. మీరూ గట్టిగా ఉండండి."

ఇట్లు వియ్యంకు లిరువురును నొకరిదారి నొకరు విడువకుండునట్లు పరస్పరము ధైర్యము చెప్పుకొని ఫోనులు పెట్టివేసిరి. మఱియు నైదు నిమిషములు గడచెను. సీతారావమ్మ చెమట తుడుచుకొనుచు నంతసేపును నల్లకారు వంకనే చూచుచుండెను.

"ఒరే, విడిది నించి మన మండపానికి రావాలంటే ఎన్ని గేట్లున్నయ్యిరా?"

"ఇదొక్కటేగా."

"మరి మీ బావగారు గేటు మజ్జెన ఉన్నానన్నాడు. ఆయన ముందున్న కారుకి పూలదండలన్నాడు. మన కారుకేం ఉన్నయ్యిరా?"

పానకాలరావు మొగమున నెత్తురు చుక్క లేకపోయెను. ఆతఁడు మెల్లగా నద్దము దింపి తల బయటికిఁ బెట్టెను. నల్లకారద్దమును నప్పుడే దిగెను. అందుండి గంధపుబొట్టు పెట్టుకొని జరీకండువా వేసికొన్న కోటిలింగము తల వెడలెను. ఇద్దఱును నోళ్లు తెఱచి, యొక్కసారిగా "బావగారూ!" అనిరి.

ముప్పది యేండ్లలో మొట్టమొదటిసారి పానకాలరావు తనంతఁ దాను రివర్సు గేరు వేసెను. కారు జానెఁడు దూరము వెనుకకుఁ బోయి పాలవ్యానును దాఁకి యాగెను. కోటిలింగము నల్లకారును నట్లే వెనుక నున్న యాటోను దాఁకి యాగెను. తప్పు తెలిసికొన్నవానికి వెనుకకుఁ బోవ మనసుండును, కాని యప్పటికిఁ జోటుండదు. ఆతఁడు తెచ్చి పెట్టిన సేనయే యిప్పు డాతని వెనుక గోడయై నిలిచియుండెను.

అప్పుడు దక్షిణదిక్కునుండి రైలుకూఁత యొకటి దీర్ఘముగా వినఁబడెను. పట్టాలపై నిలిచినవారి గుండెలు జారిపోయెను. ఆటోలోని యాడువారు కెవ్వున నఱచిరి. కొందఱు మోటారుసైకిళ్లు విడిచి పరుగెత్తిరి. గేటు కాపలా యుద్యోగిని నాగరత్నమ్మ యెఱ్ఱజెండా చేతఁబట్టి వాహనముల నడుమనుండి యొదిఁగి యొదిఁగి వచ్చి తెల్లకారు బానెట్టుపైఁ జఱచెను.

"భయపడబాకండి, బండి సిగ్నల్ కాడ ఆగి ఉంది. గేటు పడందే దానికి సిగ్నల్ పడదు. మీరు కదలందే గేటు పడదు. బండి పోందే మీకు దారి రాదు. స్టేషనోళ్లు ఫోనులో నన్ను తింటన్నారు. ఇంతకీ మీ ఇద్దర్లో ముందు దూరిందెవరండీ?"

"నేనేనమ్మా" అని పానకాలరావు కారు దిగెను. "నేను కూడానమ్మా" అని కోటిలింగమును దిగెను. గడియారము పది ముప్పది చూపుచుండెను.

వెనుకకుఁ బోవలెనన్న బారు చివరనుండి మొదలుపెట్టవలెను. చివరివాఁడు జరిగినఁగాని వాని ముందువాఁడు జరుగలేఁడు. అందుచేఁ బట్టుపంచె పైకి దోపి పానకాలరావు పడమటికిఁ బరుగెత్తెను, కోటిలింగము తూర్పునకుఁ బరుగెత్తెను. ఎండకుఁ గుంకుమబొట్టు కరఁగి ముక్కుపైకి జాఱుచుండఁగాఁ బానకాలరావు చింతచెట్టు మలుపునుండి యొక్కొక్క వాహనమునకే చేతులు జోడించుచు, నొక్కొక్కరినే బారెఁడు వెనుకకు జరుపుచు, నెడమబారులో సందున్నచోట నిఱికించుచు వచ్చెను. ఏమాఱును వచ్చినదారిని వెనుకకుఁ బోయి యెఱుఁగనివాఁ డెన్నిమార్లు వెనుకకు ముందునకుఁ దిరిగెనో లెక్క లేదు.

పాలవ్యాను నడుపువాఁడు మాత్ర మెంతకును గదలలేదు. "ఏందయ్యా, ముందుకొచ్చేటప్పుడు లేని దణ్ణాలు ఇప్పుడెందుకు? నీ ఎనకాలేగా నేనొచ్చింది" అనెను.

"తప్పు నాదే బాబూ. నా ఎనకాల రావటం నీ తప్పు కాదు. మా అమ్మాయి పెళ్లి, ముహూర్తం దాటిపోతా ఉంది. ఒక్క బారెడు ఎనక్కి పోనీ."

పాలవాఁ డాతని మొగము చూచి గేరు వేసెను. అంతలో సీతారావమ్మ బిందెతోఁ గారు దిగి, వేసవి యెండలో వెనుకకు జరుగు డ్రైవర్ల కెల్ల వరుసగాఁ బానకము పోయఁజొచ్చెను. మగపెండ్లివారికై మిరియములు యాలకులు వేసి కలిపిన పానక మట్లు ముక్కు మొగ మెఱుఁగనివారి గొంతులు తడిపెను. త్రాగినవారిలోఁ దిట్టు మానినవారే యెక్కువ.

పది నలువదియేడు నిమిషములకుఁ బట్టాలు ఖాళీయయ్యెను. పానకాలరావు తన కారును దానే వెనుకకు నడిపి యెడమ యంచునఁ జేర్చి దిగెను. గేటు పడెను. సిగ్నలు పడెను. బొగ్గు నింపిన గూడ్సుబండి యొకటి నిండుచూలాలివలె మెల్లమెల్లగా రాసాగెను.

గేటు పడిన మఱుక్షణముననే కుడి సగము మరల ఖాళీగాఁ గనఁబడెను. అప్పుడే బుద్ధి చెప్పించుకొని వెనుకకు జరిగిన మోటారుసైకిళ్లే మరలఁ దలలెత్తెను. పానకాలరావున కది చూచి యొడలు జలదరించెను. ఆతఁడు పరుగున వచ్చి గేటునకు వెన్నిచ్చి కుడి సగము నడుమ నిలిచి రెండు చేతులును జాఁచెను. మైకులేదు, కఱ్ఱలేదు, పోలీసుదుస్తులు లేవు. పట్టుబట్టలతోఁ జెమటతోఁ గరఁగిన బొట్టుతో నున్న పెండ్లికూఁతు తండ్రిని గుద్దుటకుఁ గాఁబోలు నెవ్వరికిని జేతులు రాలేదు. పెట్టె వెనుకఁ బెట్టె, ఏఁబదియెనిమిది పెట్టెలు పోయెను. ఆతని గుండె పెట్టె కొకమాఱు కొట్టుకొనుచుండెను. కడపటి పెట్టె దాఁటఁగానే యాతఁడు తల త్రిప్పి చూచెను. పట్టాల కావల, సరిగా తన కెదురుగా, జరీకండువా నడుమునకు బిగించి కోటిలింగము తన సేనకు నడ్డముగాఁ జేతులు చాఁచి నిలిచియుండెను.

పది ఏఁబదియేడు నిమిషములకు గేటు లేచెను. వియ్యంకు లిరువురు నెదుటి బండ్లకు దారి విడిచి, తమవైపు వాహనములు కుడికి దూఱకుండ మాత్ర మడ్డముగా నిలువఁగా నీమాఱు రెండు బారులును రెండు సగముల మీఁదుగా సూదిలో దారమువలె సాఁగెను. తూర్పునుండి పెండ్లికొడుకు కారు వచ్చి పానకాలరావు ప్రక్క నాగఁబోయెను.

"మామయ్యగారూ, ఎక్కండి, టైమైపోతోంది" అని శశిధరుఁడు తలుపు తెఱచెను.

"ఆగబాకు బాబూ, ఆగితే ఎనక మళ్లీ పూడుద్ది. మీ అమ్మగారి బస్సు రావాల. నేను దాంట్లో వస్తా. నువ్వు పో, పో!"

కారు పోయెను. ఫోను మ్రోఁగెను. ఆతని యన్న సాంబయ్య మండపమునుండి మాటలాడుచుండెను. "ఎక్కడరా నువ్వు? పంతులుగారు కన్యాదాతని పిలుస్తన్నాడు."

"బస్సు కోసం ఉన్నా అన్నయ్యా. అయిదు నిమిషాలు" అని పానకాలరావు ఫోను పెట్టివేసి మేళగాండ్రలో బలిష్ఠుఁడైన డోలు వాద్యకానిఁ బిలిచి తన తావున నిలువుమని చెప్పి చూచెను. వాఁ డట్లు నిలిచినంతనే రెండు మోటారుసైకిళ్లు వానికి ముందునుండి యొకటి, వెనుకనుండి యొకటి దూఱిపోయెను. డోలు వాయించువానిని లెక్కించువా రెవరు? పానకాలరావు వానిని దప్పించి, సీతారావమ్మతోఁ గూడ మేళగాండ్రను వారి వ్యానులో మండపమునకుఁ బొమ్మని చెప్పి, మరలఁ దానే నిలిచెను.

పదునొకండు గంటల రెండు నిమిషములకు బస్సు వచ్చెను. కిటికీలోనుండి వియ్యపురాలు "అన్నయ్యగారూ, ఎక్కండి ఎక్కండి" అని కేకలు వేయుచుండెను. మెల్లగాఁ గదలు బస్సు మెట్టుపై నాతఁ డొక పాదము పెట్టెను. అట్లు పెట్టుచుఁ గనుకొలఁకులలో వెనుకకుఁ జూచెను. ఆతఁడు విడిచిన చోటు నప్పుడే రెండాటోలు మ్రింగుచుండెను. పట్టాల నడుమఁ దూర్పునుండి వచ్చు మోపెడు నొకటి దారి మూసికొనిపోవుటచే నాగిపోయెను. దానిపై ముసలివాఁ డొకఁడు, వాని వెనుక ముసలిది, వారి నడుమఁ జిన్నపిల్ల. నాగరత్నమ్మ గదిలో ఫోను మరల మ్రోఁగుచుండెను.

వా రెవరో యాతఁ డెఱుఁగఁడు. ఒక గంటకు ముందైనచో వారిని జూచియే యుండఁడు. ఎక్కిన పాదము నాతఁడు దింపెను. బస్సు పోయెను. ఆతఁ డాటోల ముందునకుఁ బరుగెత్తి వానిని మరల వెనుకకుఁ బంపి, మోపెడు పట్టాలు దిగి పోవువఱకు నడ్డముగా నిలిచెను. ముసలివాఁడు కృతజ్ఞతయైనఁ దెలుపలేదు. తెలుపవలసిన పని జరిగినదనియు వానికిఁ దెలియదు.

ఫోను మరల మ్రోఁగెను. ఈమాఱు హిమబిందు.

"నాన్నా, వాళ్లందరూ వచ్చేశారు. మీరేరీ?"

"గేటు దగ్గరున్నానమ్మా. నేను కదిల్తే దారి పూడుద్ది. పట్టాల మీద జనం ఉన్నారు. ఇంకో బండి వచ్చుద్దంట."

"మీరు వచ్చిందాకా ఆగమని చెప్పనా?"

ఆగుమను మాట యాతని నాలుకచివరకు వచ్చెను. ఏడు నెలలు, మార్గశిరము, వెండిచెంబు, అన్నియు నొక్కసారి కన్నులకుఁ గట్టెను. "వద్దమ్మా. ఆగితే ముహూర్తం దాటిపోద్ది. పెదనాన్నని, పెద్దమ్మని పీటల మీద కూర్చోమను. నా తప్పుకి నువ్వు ఏడు నెలలు కూర్చోబాక" అని యెట్టకేలకుఁ బలికెను. ఆవల నామె యేడ్చు చప్పుడు విని, "కూర్చో తల్లీ, పెళ్లికూతురు ఏడవకూడదు" అని తానేడ్చుచు ఫోను పెట్టివేసెను.

రెండు బారులును సాఁగుచుండెను. ఎండ నడినెత్తికి వచ్చుచుండెను. మండపము మైలు దూరముననే యున్నను గట్టిమేళము వినఁబడునేమోయని యాతఁడు చెవులు రిక్కించెను. హారనులే వినఁబడుచుండెను. ఒక్క నిమిష మాపుఁడని వేడుకొందునా యనుకొనెను. ఎవరిని వేడుకొనును? అందఱికి నందఱి పనులు తొందరవే. పదునొకండు గంటల యెనిమిది నిమిషము లగునప్పటికిఁ బట్టాల కావలనుండి కోటిలింగము తన గడియారమును వ్రేలితోఁ జూపెను. కొడుకు పెండ్లికిఁ బోలేక తన సేన కడ్డముగా నిలిచిన యా తండ్రికిని గన్నులు నిండియుండెను.

పానకాలరావు పడమటికిఁ దిరిగెను. చేతిలో నక్షతలు లేవు. ఒట్టిచేతినే గుప్పిట బిగించి, పెదవులు కదలించి యేదో చెప్పుకొని, కూఁతురు కూర్చున్న దిక్కునకుఁ జల్లెను. అవతల నుండి కోటిలింగమును ఒట్టిచేతితో నట్లే చల్లెను. అంతలో నొక స్కూటరు కుడి సగములోనికి మెల్లగాఁ దల దూర్చెను. పానకాలరావు కన్నులు తుడుచుకొనకయే మరల దానివంకకుఁ దిరిగి రెండు చేతులును జాఁచెను.